మాటచాటు అసమానత

దక్షిణాఫ్రికాయందు తెల్లవారికిని నల్లవారికిని గల తారతమ్యమును గూర్చి ప్రసంగించునపుడు మొట్టమొదట వివాదమునకు వచ్చునది మాటయే.

1860 నవంబరు 16వ తేదీన ఒడంబడికకూలీలతో చెన్నపట్టణమునుండి "ట్రూరో" యను ఓడ డర్బను రేవు చేరెను. ఆ పిదప పోయినవారిలో తెలుగువారును పెక్కండ్రు. మన భాషలో కూలి యన కష్టమునకు ప్రతిఫలము. అచ్చటి తెల్లవారు దానిని జాతిపేరు గావించిరి. 1893లో అచ్చటికేగిన గాంధీగారిని సైతము "కూలి బారిష్టరు" అనిరి.

1948లో అధికారమునకు వచ్చిన నేషనల్ పార్టీ తన విధానమును "అపార్థీడ్" అనెను. అనగా వేరుగా నుండుట. పిమ్మట అది "ప్రత్యేకాభివృద్ధి" యయ్యెను. పేరు మెత్తబడెను గాని చట్టము మెత్తబడలేదు.

మాట మార్చిన కడుపు నిండునా యని కొందఱందురు. నిండదు, నిజమే. 1913వ సంవత్సరపు భూమిచట్టము నల్లవారికి విడిచినది నూటికి ఇంచుమించు 7 వంతులు. 1991లో ఆ చట్టము రద్దయ్యెను. 1994లో అందఱును వోటిచ్చిరి. భూమి మాత్రము చాలవఱకు పాతచేతులందే నిలిచెను.

కావుననే "తెల్లవారి విశేషసౌకర్యము" అను మాట నేడు వినబడుచున్నది. "మేమేమి పాపము చేసితిమి?" అని కొందఱు నొచ్చుకొందురు. వారి మాటయు వినదగినదే. తాత పొరుగువాని పొలముగట్టు జరిపినచో మనుమడు దొంగ కాడు. ఐనను ఆ పంట తినుచున్నది మనుమడే. దొంగ యన్నచో అతడు చెవులు మూసికొనును. ఏమియు ననకున్నచో పొరుగువాని నోరు మూయబడును. నేరమునకును లాభమునకును భేదము తెలుపు మాట కావలయును.

గట్టుతగవులు తీర్చిన పెద్దలు మీరు. తీర్పునకు ముందు పాతగట్టు ఎచ్చట నుండెనో చెప్పింతురు గదా! అచ్చటను మొదట చేయవలసినది యదియే.