బిడారు వచ్చిన వేళ

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) పైన, వారి కుటుంబీకుల పైన, సహచరుల పైన శాంతి, శుభాలు కురియుగాక!



దివ్య ఖుర్‌ఆన్‌లోని 62వ సూరా ‘అల్ జుముఆ’ చివరి ఆయతు ఒక సంఘటనను ప్రస్తావిస్తున్నది. మదీనాలో ఒక శుక్రవారం దైవప్రవక్త (సఅసం) నిలబడి ఖుత్బా ఇస్తున్నారు. అంతలో ఆహారధాన్యాలతో ఒక వర్తక బిడారు పట్టణానికి చేరింది. ఆ సంగతి తెలియగానే జనం లేచి అటువైపు వెళ్ళిపోయారు. చివరకు 12 మంది మాత్రమే మిగిలారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించగా, బుఖారీ, ముస్లిం గ్రంథాలలో అది నమోదై ఉంది. వినోదం కంటే, వర్తకం కంటే తన వద్ద ఉన్నదే మేలైనదని అల్లాహ్ ఆ ఆయతులో బోధించాడు.

ఆ వెళ్ళినవారిని ఎత్తిచూపే అర్హత మనకు లేదు. అది ఆకలితో, అధిక ధరలతో మదీనా అల్లాడుతున్న కాలమని వ్యాఖ్యాతలు వ్రాశారు. పైగా వారు లేచి వెళ్ళారు గనుక వారి స్థానాలు ఖాళీగా కనిపించాయి. మనమో, కడుపు నిండినవారమై ఉండి కూడా, కూర్చున్న చోట కూర్చునే వెళ్ళిపోతున్నాము. పంక్తులు నిండుగానే ఉంటాయి. మనసులు మాత్రం బజారులో, బ్యాంకు ఖాతాలో, రేపటి ప్రయాణంలో తిరుగుతుంటాయి. జేబులోని సెల్‌ఫోను కదిలిన ప్రతిసారీ మన కోసం ఒక బిడారు వచ్చినట్లే.

ఖుత్బా సమయంలో గులకరాళ్ళను తాకినవాడు కూడా వ్యర్థకార్యానికి పాల్పడినట్లేనని ముస్లిం గ్రంథంలోని హదీసు తెలుపుతున్నది. గులకరాయిని తాకడంలో పాపమేముంది? చేయి రాతిపైకి వెళితే మనసు కూడా అటే వెళుతుంది. ఈనాడు ఆ రాయి స్థానంలో మన చేతిలో ఏముందో వేరే చెప్పనక్కరలేదు.

సోదరులారా! తొందర నమాజును సైతం హరిస్తుంది. ఒక వ్యక్తి హడావుడిగా నమాజు ముగించి వచ్చి సలాము చేయగా, దైవప్రవక్త (సఅసం) అతనిని మూడుసార్లు వెనుకకు పంపారు. అతని నమాజు నమాజే కాలేదన్నారు. ఆ తరువాత రుకూలో, సజ్దాలో, లేచి నిలబడినప్పుడు, ప్రతి స్థితిలోనూ స్థిమితపడాలని ఓపికగా నేర్పారు. ఇఖామత్ వినిపించినా పరుగెత్తక ప్రశాంతంగా నడిచి రావాలనే ఆదేశం కూడా వారిదే. నమాజు కోసమే పరుగు కూడదన్నప్పుడు, నమాజులో పరుగు ఎలా తగుతుంది?

ఈ గైర్హాజరు మస్జిదుతో ఆగిపోదు. కువైట్‌లో కష్టపడుతున్న తండ్రి శుక్రవారం సెలవునాడు ఇంటికి వీడియో కాల్ చేస్తాడు. బిడ్డ వేరొక ఆట మీది నుంచి దృష్టి మరల్చక ‘ఆఁ, ఊఁ’ అంటాడు. ఇక్కడ ఇంట్లోనే ఉన్న తండ్రులలోనూ ఎందరో బిడ్డలకు అదే జవాబు ఇస్తున్నారు. బిడ్డ అది ఎక్కడ నేర్చుకున్నాడో మనమే ఆలోచించాలి.

రేపటి గురించి తలచవద్దని ఇస్లాం చెప్పలేదు. హజ్రత్ యూసుఫ్ (అలై) రాబోయే కరువు కోసం 7 సంవత్సరాలు ధాన్యం నిలువచేయించారు. రేపటి కొరకు పనిచేయడం వేరు. రేపటి చింతకు నేటి నమాజును, నేటి మనుషులను అప్పగించడం వేరు. అల్లాహ్ జుమా నమాజు ముగిసిన తరువాత భూమిపై విస్తరించి తన అనుగ్రహాన్ని అన్వేషించమని అదే సూరాలో ఆదేశించాడు. వర్తకానికి ఒక వేళ, స్మరణకు ఒక వేళ. ఒకదాని వేళలో మరొకటి చొరబడరాదు.

కనుక ఈ వారం మూడు పనులు అలవరచుకుందాం. మస్జిద్ గడప వద్దనే ఫోనును ఆపివేద్దాం. సజ్దాలో శరీరం కుదుటపడే వరకు తల ఎత్తకుండా ఉందాం. ఇంటిలో ఎవరైనా మాట్లాడుతుంటే, ముఖం పూర్తిగా వారివైపు త్రిప్పి విందాం. దైవప్రవక్త (సఅసం) ఎవరివైపు తిరిగినా నిండుగా తిరిగేవారని హదీసులు తెలుపుతున్నాయి.

ఓ అల్లాహ్! మేము నిలబడిన చోటనే మా హృదయాలను కూడా నిలుపు. బిడారు వచ్చిన వేళ మిగిలిన ఆ కొద్దిమంది బాటలో మమ్మల్ని నడిపించు. ఆమీన్.