బీరువా తాళం తెరుద్దాం: తరగతి గదిలో పఠనం, దానం

(మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల్లో ప్రాథమిక పాఠశాలల విద్యార్థుల తల్లిదండ్రులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

  

నేడు మనం ఒక పండుగ చేసుకుంటున్నాం. ఇందులో పిల్లలు కథలు చదువుతారు, పెద్దలు వింటారు. ప్రతి బిడ్డ తన తరగతికి ఏదో ఒకటి ఇచ్చి ఇంటికి వెళతాడు. చూడడానికి ఇది చిన్న వేడుకే. అయితే దీని వెనుక మేము చేసిన ఒక తప్పు ఉంది. దాన్ని చెప్పకుండా ఈ పండుగను గురించి మాట్లాడడం న్యాయం కాదు గనుక అక్కడి నుంచే మొదలుపెడతాం.

మేము ఈ పనికి పూనుకున్న మొదటి ఏడాది ఒక ప్రాథమిక పాఠశాలలో పుస్తకాల పంపిణీ జరిపాం. వేదిక కట్టాం, బ్యానరు కట్టాం. పేద పిల్లల జాబితా రాసుకొని, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, చేతికి పుస్తకాలు అందించి ఫోటోలు తీశాం. పుణ్యకార్యం చేశామన్న సంతృప్తితో ఇళ్లకు చేరాం. వారం తరువాత ఒక తల్లి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. ఆమె భర్త టమోటా మార్కెట్టులో బాక్సులు మోసే కూలీ. కొడుకు మూడో తరగతి. "భాయ్‌జాన్, మీరు వాడికి పుస్తకం ఇచ్చారు సరే, వాడి పరువు తీసుకున్నారు. ఆ ఫోటో గల్లీలో అందరి ఫోన్లలోకీ వచ్చింది. బడికి పోనంటున్నాడు, పుస్తకం తెరవనే లేదు" అన్నది.

మా దగ్గర జవాబు లేదు. కుడి చేయి ఇచ్చినది ఎడమ చేతికి తెలియకూడదని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాళ్లం మేము. విన్నది ఒకటి, చేసింది మరొకటి. ఆ తల్లి మాట మాకు పాఠమైంది. ఇచ్చేవాడూ పుచ్చుకొనేవాడూ అని పిల్లలను రెండు వరుసలుగా నిలబెట్టే దానం తరగతి గదిలోకి రాకూడదని ఆనాడే నిర్ణయించుకున్నాం.

మరుసటి ఏడాది వేదిక లేదు, జాబితా లేదు, ఫోటో లేదు. తరగతిలోని ప్రతి బిడ్డా ఇచ్చేవాడే కావాలన్నది ఒక్కటే నియమం. ఏమివ్వాలి? ఇంట్లో చదివేసిన పుస్తకం ఉన్నవారు పుస్తకం ఇచ్చారు. లేనివారు నానీమానో, దాదీనో అడిగి ఒక కథ తెచ్చారు. టీచరమ్మ ఆ కథలను పెద్ద నోటు పుస్తకంలో రాయించారు. దర్జీ కొడుకు పాత గుడ్డ ముక్కలతో పుస్తకాలకు సంచి కుట్టించి తెచ్చాడు. కొందరు పాత క్యాలెండరు కాగితాలతో అట్టలు వేశారు. బడికి పోనన్న ఆ పిల్లవాడు తన నానీమా చెప్పిన నక్క కథను తెచ్చి, నిలబడి చదివాడు. చదువుతుండగా రెండుచోట్ల తడబడ్డాడు. ఎవరూ నవ్వలేదు. చివర్లో నక్క మోసపోయినప్పుడు మాత్రం తరగతి అంతా నవ్వింది. ఆ రోజు వాడు ఇచ్చిన వాడయ్యాడు. ఈ పండుగ పుట్టుక అదే.

సోదర సోదరీమణులారా! మన ధర్మంలో చదువుకూ దానానికీ ఉన్న బంధం మీకు తెలియనిది కాదు. హిరా గుహలో మొట్టమొదట అవతరించిన వాక్కు చదవమన్న ఆజ్ఞ. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీలలో చదువు వచ్చినవారు మదీనా పిల్లలకు రాయడం, చదవడం నేర్పితే దానినే వారి విడుదలకు పరిహారంగా స్వీకరించారని దైవప్రవక్త (స) జీవిత చరిత్రలు చెబుతున్నాయి. శత్రువు దగ్గర ఉన్నా సరే, విద్యను విలువైనదిగానే ఎంచిన సంప్రదాయం మనది. మనిషి మరణించిన తరువాతా కొనసాగే పుణ్యాలలో ఇతరులకు ఉపయోగపడే జ్ఞానం ఒకటని మన పెద్దలు బోధించారు. ఒక పిల్లల పుస్తకం పది చేతులు మారితే అది సదఖా జారియాయే కదా!

ఇంతటి వారసత్వం ఉన్న మనం నేడు ఎక్కడ ఉన్నాం? 2006లో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ తన నివేదికను సమర్పించింది. 6 నుంచి 14 సంవత్సరాల వయసు గల ముస్లిం బాలబాలికల్లో 25 శాతం దాకా బడి ముఖం చూడనివారో, మధ్యలో మానివేసినవారో ఉన్నారని అది తేల్చింది. ముస్లిం పిల్లలందరూ మదర్సాలకే పోతారన్న ప్రచారం అబద్ధమనీ, బడి వయసు పిల్లల్లో మదర్సాలకు వెళ్లేవారు సుమారు 3 శాతమేననీ అదే నివేదిక స్పష్టం చేసింది. అంటే మన పిల్లల్లో అత్యధికుల భవితవ్యం సాధారణ పాఠశాలల్లోనే, అందునా ప్రాథమిక తరగతుల్లోనే నిర్ణయమవుతున్నది. మూడో తరగతి దాటేసరికి చదవడం అలవడని బిడ్డకు ఆ తరువాతి పాఠ్యపుస్తకాలన్నీ మూసిన తలుపులే. మెకానిక్ షెడ్డూ, పంక్చరు దుకాణమూ ఆ బిడ్డను పిలుస్తుంటాయి. ఆడపిల్లనైతే ఇంటి పని పిలుస్తుంది.

మన ప్రాంతానికి మరొక ప్రత్యేకత ఉన్నది. మన పిల్లలు ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతారు, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. కుప్పంలోనైతే తమిళం, కన్నడం కూడా చెవిన పడతాయి. ఇది లోపమని కొందరు అనుకుంటారు. కాదు, ఇది సంపద. అయితే ఆ సంపద అక్కరకు రావాలంటే బిడ్డ చేతికి తనకు అర్థమయ్యే భాషలో కథ పుస్తకం అందాలి. మాతృభాషలో ప్రాథమిక విద్యకు సౌకర్యాలు కల్పించాలని భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లల విషయంలో రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతున్నది. మన రాష్ట్రంలో 2022లో ఉర్దూకు రెండవ అధికార భాష హోదా లభించింది. హోదా కాగితం మీద ఉంటే చాలదు. అది తరగతి గదిలోని పుస్తకాల అరలో కనబడాలి. తెలుగు కథ పక్కన ఉర్దూ కథ ఉండాలి.

ఇక హక్కు గురించి. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి పాఠశాలకూ గ్రంథాలయం ఉండాలనీ, అందులో దినపత్రికలు, మాసపత్రికలు, అన్ని విషయాల పుస్తకాలతో పాటు కథల పుస్తకాలు కూడా ఉండాలనీ స్పష్టంగా రాసి ఉన్నది. సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు సంవత్సరానికి రూ. 5,000 వరకు గ్రంథాలయ గ్రాంటుకు వీలున్నది. కనుక కథల పుస్తకం మన బిడ్డలకు ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. అది వారి హక్కు. మన దానం ఆ హక్కుకు ప్రత్యామ్నాయం కాకూడదు. "ముస్లిం సోదరులు పుస్తకాలు ఇచ్చారు గనుక ఇక ప్రభుత్వం ఇవ్వనక్కరలేదు" అనే పరిస్థితి వస్తే మనం మేలు చేయబోయి కీడు చేసినవాళ్లమవుతాం.

ఇక్కడ మరొక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అల్పసంఖ్యాక వర్గాల విద్యాసంస్థలను ఈ చట్టం నుంచి మినహాయించింది. 30వ అధికరణం మనకిచ్చిన హక్కును కాపాడిన తీర్పు అది. కానీ మినహాయింపు దొరికింది కదా అని మనం నడిపే పాఠశాలలో గ్రంథాలయం లేకుండా వదిలేస్తే ఆ హక్కును మనమే చిన్నబుచ్చినట్లు. చట్టం వర్తించే చోట అడుగుదాం. వర్తించని చోట మనకు మనమే చట్టం విధించుకుందాం.

ఒక పాఠశాలలో మేము చూసిన దృశ్యం చెబుతాం. ప్రధానోపాధ్యాయుల గదిలో ఇనుప బీరువా. దాని నిండా రంగురంగుల కథల పుస్తకాలు. బీరువాకు తాళం. ఎందుకని అడిగితే, "పిల్లలు చింపుతారు, లెక్క ఎవరు చెబుతారు?" అన్నారు. వారిని తప్పుబట్టడం సులభమే. వారి భయంలోనూ నిజం ఉన్నది. చిరిగిన పుస్తకానికి సంజాయిషీ అడిగేవారుంటారు గాని, చదవని పుస్తకానికి సంజాయిషీ అడిగేవారుండరు. ఈ భయాన్ని పోగొట్టే అధికారం తల్లిదండ్రులకే ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల్లోని యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలనీ, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలుండాలనీ చట్టం చెబుతున్నది. ఆ పాఠశాలలో కమిటీ కూర్చొని, వాడకంలో చిరిగిన పుస్తకానికి ఉపాధ్యాయులను బాధ్యులను చేయబోమని తీర్మానం రాసింది. మరునాడే తాళం తెరుచుకుంది. ఒక సంతకం చేసిన పని అది. మన తల్లులు కమిటీ సమావేశానికి వేలిముద్ర వేయడానికి మాత్రమే కాక, మాట్లాడడానికి వెళ్లాలని మా ప్రార్థన.

మన చుట్టుపక్కల ఆదర్శాలకు కొదవ లేదు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ తన జనగణమన గీతాన్ని ఇంగ్లీషులోకి అనువదించింది ఈ మదనపల్లెలోనే, బీసెంట్ థియసాఫికల్ కళాశాలలోనే. మదనపల్లెకు చేరువలోనే రిషి వ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం ఉన్నది. పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడదీసి, ప్రతి బిడ్డా తన నిచ్చెన తాను తన వేగంతో ఎక్కే పద్ధతిని అది పల్లె బడుల కోసం రూపొందించింది. కర్ణాటకలోని నలి-కలి, తమిళనాడులోని కృత్యాధార బోధన దాని స్ఫూర్తి పొందినవే. కుప్పం సమీపంలో అగస్త్య ఫౌండేషన్ 172 ఎకరాల ప్రాంగణంలో విజ్ఞానశాస్త్రం నేర్పుతున్నది. అక్కడ పిల్లలే తోటి పిల్లలకు ప్రయోగాలు వివరిస్తారు. తెలిసినవాడు తెలియనివాడికి చెప్పడం కూడా దానమే. ఐదో తరగతి పిల్ల రెండో తరగతి పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకొని చదివి వినిపిస్తే అంతకన్నా గొప్ప విరాళం ఏముంటుంది? సరిహద్దు దాటితే వాణియంబాడి. అక్కడి ముస్లింల కృషితో 1919లోనే ఇస్లామియా కళాశాల వెలసింది. మరి పుంగనూరు? పుంగనూరు ఆవు పొట్టిది, కానీ దాని పాలు చిక్కన. మన తరగతి గ్రంథాలయాలూ అలాగే ఉండాలి. అర చిన్నదైనా ఫలం చిక్కగా ఉండాలి.

డబ్బు సంగతి. నలభై కుటుంబాలు రోజుకు ఒక్క రూపాయి చొప్పున పక్కన పెడితే నెలకు రూ. 1,200 సమకూరుతుంది. నేషనల్ బుక్ ట్రస్ట్ వంటి సంస్థల పిల్లల పుస్తకాలు తక్కువ వెలకే దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు, ఉర్దూ కథలు ఉచితంగా లభిస్తాయి. అచ్చు తీసుకొని కుట్టుకోవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలను దివ్య ఖుర్ఆన్ నిర్దేశించింది. ధనిక, పేద భేదం లేకుండా అందరూ వాడుకొనే అర కోసం సదఖాను వినియోగించడం మేలు. అర్హుడైన పేద విద్యార్థి ఫీజుకూ, దుస్తులకూ జకాత్ ఇవ్వదలచినవారు ఆలిములను సంప్రదించి, గుట్టుగా, ఆ బిడ్డ పేరు తరగతిలో వినబడకుండా ఇవ్వండి. వచ్చిన ప్రతి రూపాయి లెక్కనూ పాఠశాల గోడ మీద రాద్దాం. ఇచ్చినవారి పేర్లు మాత్రం రాయవద్దు.

చివరిగా మూడు విన్నపాలు. ఒకటి, ప్రతి శనివారం చివరి పీరియడు కథల పీరియడుగా ఉండేలా ఉపాధ్యాయులను అభ్యర్థించండి. వారానికి ఒక పెద్దమనిషి, దర్జీ కావచ్చు, డ్రైవరు కావచ్చు, ఆ పీరియడులో కూర్చొని పిల్లలు చదివేది వినాలి. రెండు, ఇంట్లో రాత్రి భోజనానంతరం పది నిమిషాలు ఫోను పక్కన పెట్టి బిడ్డ చేత చదివించుకోండి. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు. వినడానికి చదువు అక్కరలేదు. మూడు, ఐదో తరగతితో ఆడపిల్ల చదువు ఆపవద్దు. ఏ ఇంట్లోనైనా ఆ ఆలోచన మొదలైందని తెలిస్తే పొరుగువారు వెళ్లి మాట్లాడండి. కారణం డబ్బయితే సర్దుదాం, దూరమైతే తోడు వెతుకుదాం. కారణం ఏదైనా ఆ అమ్మాయి అట్ట వేసిన పుస్తకం ఆమె లేని తరగతిలో మిగిలిపోకూడదు.

ఇక మేము ముగిస్తాం. పిల్లలు తమ కథలతో ఎదురుచూస్తున్నారు. వారు తడబడితే ఓపిక పట్టండి, సరిదిద్దబోకండి. అల్లాహ్ మన పిల్లల చదువులో శుభం కలిగించుగాక, మన దానాన్ని ప్రదర్శన నుంచి కాపాడుగాక, మన బడుల తలుపులను అందరి బిడ్డలకూ తెరిచి ఉంచుగాక. ఆమీన్.