ఆయిల్ మనమే మార్చుకుందామా?



మన చరోదాలో రైల్వే యార్డు, పక్కనే భిలాయి ఉక్కు కర్మాగారం. పానా పట్టని ఇల్లు తక్కువ. అయినా కారు ఆయిల్ మార్చాలంటే షాపుకే పోతాం.

వారంటీ ఉన్న కారయితే షాపుకే ఇవ్వండి, బిల్లు దాచుకోండి. పాత కారయితే ఇంట్లో చేసుకోవచ్చు. మిగిలేది కూలి డబ్బులే. అసలు లాభం, బండి కింద ఏముందో మన కళ్ళతో చూసుకోవడం. పటాలంలో మెయింటెనెన్స్ పరేడ్ పెట్టింది అందుకే గదా!

ఒట్టి జాకీ మీద నిలిపిన బండి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టాల్సిందే. ఇంజను గోరువెచ్చగా ఉండగా ఆయిల్ దింపండి. డ్రెయిన్ ప్లగ్గుకి కొత్త వాషరు వేయండి. పాత ఫిల్టరు రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజనుకే అంటుకుని ఉండిపోతుంది. దానిమీదే కొత్తది బిగిస్తే ఆయిలంతా కారిపోయి ఇంజను పట్టేస్తుంది.

తీసిన ఆయిల్ మురిక్కాలవలో పోయకండి. 2016 నాటి నియమాల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. డబ్బాలో పట్టి, రీసైక్లింగుకి పంపే వాళ్ళకే ఇవ్వండి. ఆ దారి లేకపోతే షాపే మేలు.

షాపులో చేయించినా సరే, డిప్‌స్టిక్ మాత్రం మీరే లాగి చూడండి.

జై హింద్!