రంది ఒక్కరిది కాదు, వాడందరిది

(వేల్పూర్‌లో యువజనులు, వారి తల్లిదండ్రులు కూడిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మనం సభ పెట్టుకుంటే భూమి సంగతి మాట్లాడుకుంటాం. కూలి రేటు, శ్మశానం జాగా, కోర్టు కేసుల సంగతి మాట్లాడుకుంటాం. ఈ రోజు మనసు సంగతి మాట్లాడుకుందామని వచ్చినం. 'మనసు సంగతి ఉన్నోళ్ల ముచ్చట, మనకు పొద్దు గడిస్తే చాలు' అని కొందరు పెద్దలు అంటున్నరు. మరి మన వాడల్లో ఈ బాధకు పేర్లు లేవా? రంది అంటాం. మనాది అంటాం. బుగులు అంటాం. 'మనాదితోని మంచం పట్టిండు' అని మన అవ్వలు ఎప్పటి నుంచో చెబుతున్నరు. పేరు పెట్టుకున్నమంటే ఆ బాధ మనకు కొత్త కాదన్నట్టే.

బాబాసాహెబ్ అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన' రాసినప్పుడు, కులం మనుషుల మనసుల్లో కాపురం ఉంటదని చెప్పినాడు. పెత్తందారు మనసులో అది గర్వమై కూర్చుంటే, మన పిల్లల మనసులో బెదురై కూర్చుంటది. క్లాసులో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తని పిల్లను అడగండి, ఆ బెదురు ఏందో చెబుతది. కాబట్టి మనసు సంగతి ఉద్యమం సంగతే.

మొదలు ఈ వేల్పూర్ సంగతే చెప్పుకుందాం. 2001కి ముందు ఈ మండలంలో బడి ఈడు పిల్లలు ఎందరో బడి బయటనే ఉండిరి. పశువుల వెంట తిరిగినోళ్లు, చేన్లలో కూలికి పోయినోళ్లు, బీడీలు చుట్టినోళ్లు, పెద్దోళ్ల ఇండ్లల్లో జీతం ఉన్నోళ్లు. జీతం ఉండుడంటే ఏంది? తండ్రి తెచ్చిన అప్పుకు కొడుకు ఒళ్లు వంచుడు. వెట్టి చాకిరి రద్దు చట్టం 1976లోనే వచ్చింది. బాల కార్మికుల చట్టం 1986లో వచ్చింది. చట్టాలు ఢిల్లీలో ఉన్నయి, పిల్లలు గొడ్ల పాకల్లో ఉన్నరు.

2001 జూన్‌లో అప్పటి జిల్లా కలెక్టర్ జి. అశోక్ కుమార్ చొరవతో ఇక్కడ పని మొదలైంది. టీచర్లు, సర్పంచులు, అధికారులు, ఊరి జనం కలిసి ఇల్లిల్లూ తిరిగి బడికి రాని పిల్లల లెక్క తీసినారు. మొదట్ల ఎదురు తిరిగినోళ్లు ఉన్నరు. అయినా పని ఆగలేదు. పిల్లలను పనిలో పెట్టుకున్న యజమానులు బహిరంగ సభలో, ఆ తల్లిదండ్రులు తమకు బాకీ ఉన్న సుమారు 35 లక్షల రూపాయలను మాఫీ చేస్తున్నట్టు ప్రకటించినారు. 2001 అక్టోబర్ 2న వేల్పూర్‌ను బాల కార్మికులు లేని మండలంగా ప్రకటించినారు. ఆ తర్వాత దేశం వేల్పూర్ పేరు చెప్పుకుంది.

ఈ కథను పిల్లవాని మనసు వైపు నుంచి ఒకసారి చూడండి. ఆ 35 లక్షలు పెద్దలకు కాగితం మీద అప్పు. పదేండ్ల పిల్లవానికి అదేంది? 'నేను పని మానేస్తే నాయన తలెత్తుకోలేడు' అనే బరువు. ఆ బరువు ఎవరన్నా దగ్గర కూర్చొని ధైర్యం చెబితే పోయేది కాదు. అప్పు కొట్టివేస్తే పోయింది. బడి తలుపు తెరిస్తే పోయింది. ఊరంతా ఒక మాట మీద నిలబడితే పోయింది. పిల్లల రంది వెనుక తొంభై పాళ్లు పెద్దల అప్పు, పెద్దల భయం, పెద్దల అవమానం ఉంటయి. ఇది వేల్పూర్ నేర్పిన పాఠం.

అప్పటి పిల్లలు ఇప్పుడు ముప్పై దాటిన తల్లులు, తండ్రులు. వాళ్ల పిల్లలు ఇప్పుడు బడిలో ఉన్నరు. బడికి పోవుడు ఒక్కటే సరిపోయిందా?

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినయి. మూడు లక్షల మందికి పైగా తప్పినట్టు చూపించినారు. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేసినారు. మళ్లీ చూస్తే 99 మార్కులు! మళ్లీ లెక్క చూసినంక వెయ్యి మందికి పైగా ఫెయిలైనోళ్లు పాసైనట్టు తేలింది. ఒక కాగితం మీద ఎవరో వేసిన తప్పుడు అంకె చూసి మన పిల్లలు తమ బతుకునే తప్పనుకున్నరు. ఒక చావుకు ఒకటే కారణం ఉండదు, ఆ సంగతి మాకు తెలుసు. కాని మార్కులే మనిషి అని నూరిపోసినోళ్లలో సర్కారు ఉన్నది, కార్పొరేట్ కాలేజీ ఉన్నది, పక్కింటి పిల్లతో పోల్చే మనమూ ఉన్నం.

మన పిల్లల మీద ఈ బరువు ఇంకా ఎక్కువ. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్టెక్కిన పిల్ల మీద అవ్వ మందుల ఖర్చు, తమ్ముని చదువు, తండ్రి గల్ఫ్ అప్పు అన్నీ ఆశలై కూర్చుంటయి. కాలేజీలో 'రిజర్వేషన్ సీటు' అని గుసగుసలు. ఫెయిలైతే 'వాళ్ల తెలివి అంతే', పాసైతే 'వాళ్లకేం, కోటా ఉన్నది'. ఎటు పోయినా దెబ్బే!

రోహిత్ వేములను మరువగలమా? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తున్న బిడ్డ. ఫెలోషిప్ డబ్బులు ఆగినయి. అయిదుగురు దళిత విద్యార్థులను హాస్టల్ నుంచి వెళ్లగొడితే వాళ్లు ఆరుబయట గుడారం వేసుకొని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టినారు. 2016 జనవరి 17న రోహిత్ మనకు దక్కకుండా పోయినాడు. చదువుకున్నంక కులం పోతదని మన పెద్దలు అనుకున్నరు. పెద్ద చదువుల ఇంట్లో కూడా మనకు వెలివాడనే చూపించినారు. కాని తమ్ముళ్లారా, ఒక్క మాట గట్టిగా చెబుతున్నం. ఉద్యమానికి మీ చావు వద్దు. మీరు కావాలె. బతికి కొట్లాడే మనిషే ఉద్యమానికి ఆస్తి.

2025 జూలై 25న సుప్రీం కోర్టు ఒక తీర్పు చెప్పింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో చదివే ఒక అమ్మాయి చనిపోతే, ఆమె తండ్రి న్యాయం కోసం కోర్టుకెక్కిన కేసు అది. మానసిక ఆరోగ్యం బతికే హక్కులో భాగమని కోర్టు తేల్చింది. 100 మంది, ఆ పైన విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను పెట్టాలె, మార్కులను బట్టి పిల్లలను వేరు బ్యాచులుగా విడగొట్టకూడదు, అందరి ముందు అవమానించకూడదు అని చెప్పింది. మన గురుకులంలో, మన హాస్టల్‌లో ఆ కౌన్సెలర్ ఉన్నడా? ఈ ప్రశ్న పట్టుకొని మనం పోవాలె.

ఇక ఇంటి సంగతి. ఇంట్లో పెద్దోళ్ల మనసు చెదిరితే పిల్లల మనసు కుదురుగా ఉంటదా? 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో లే-ఆఫ్ పెట్టి మూసివేసినారు. బోధన్ శక్కర్‌నగర్‌లో సైరన్ ఆగింది. కార్మికుని జీతం ఆగింది, చెరుకు రైతు పంట మార్చినాడు, చెరుకు కొట్టే కూలీకి పని పోయింది. ఇరవై యేండ్లు చేసిన పని ఒక్క నోటీసుతో పోతే ఆ మనిషి ఇంట్లో ఏ ముఖం పెట్టుకొని కూర్చుంటడు? ఆయన కోపం పెండ్లాం మీద పడుతది, ఆమె ఏడుపు పిల్లల మీద పడుతది.

ఆర్మూర్, బాల్కొండ, వేల్పూర్ పల్లెల్లో దశాబ్దాల నుంచి గల్ఫ్ పోవుడు ఉన్నది. వెనుకట క్యాసెట్లలో మాటలు నింపి పంపుకునేవారు, ఇప్పుడు సెల్‌ఫోన్‌లో ముఖం చూసుకుంటున్నరు. అయినా తండ్రి భుజం మీద ఎక్కని పిల్లలు పిల్లలే. వడ్డీకి తెచ్చి ఏజెంటుకు కట్టిన పైసలు తీరకముందే వాపసు వచ్చిన తమ్ముడు ఊర్లోకి రావడానికే సిగ్గుపడుతున్నడు. సిగ్గుపడాల్సింది మోసం చేసినోడు! బీడీలు చుట్టుకుంటూ, పొలం పనికి పోతూ ఇల్లు నెట్టుకొచ్చే అక్కల రంది ఎవరూ అడుగుతలేరు. రాత్రి నిద్ర పట్టదు, తల నొస్తది, చాతి పట్టినట్టైతది. డాక్టరు గ్యాస్ గోలీ రాస్తడు. అది గ్యాస్ కాదు, రంది.

ఈ రందిని మరువడానికి కొందరికి దొరికిన మందు కల్తీ కల్లు. డైజీపాం, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన సీసాలు. అవన్నీ నిద్ర మందులు, మత్తు మందులు. కల్లు గీసే గౌడన్నను మేం తప్పుపట్టుట లేదు. చెట్టు కల్లు చాలక మందు కలిపి అమ్మే దందా గురించి చెబుతున్నం. 2015 సెప్టెంబర్‌లో సర్కారు ఆ కల్తీ మీద దాడులు చేస్తే నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల దవాఖానాలకు జనం బారులు కట్టినారు. చేతులు వణికినయి, ఫిట్స్ వచ్చినయి, కండ్ల ముందు లేనివి కనిపించినయి. ఒంటికి అలవాటైన మత్తు ఒక్కసారి ఆగితే జరిగేది అదే. కాబట్టి ఇంట్లో తాగే మనిషిని గదిలో పెట్టి తాళం వేయకండి. దవాఖానాకు తీసుకపోండి, డాక్టరు మెల్లమెల్లగా మాన్పిస్తడు.

ఇంకో గాయం ఉన్నది. ఈ జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీల పేరు మీద వెలివేసుడు ఎన్నోసార్లు పత్రికలకెక్కింది. దుకాణంలో సామాన్ ఇవ్వరు, ట్రాక్టర్ రానియ్యరు, మాట్లాడినోళ్లకు జరిమానా. పెద్దలు కొట్లాడుతరు. నిన్నటి దాకా కలిసి ఆడుకున్న దోస్తు ఇయ్యాల ముఖం తిప్పుకుంటే ఏడేండ్ల పిల్ల ఏం చేస్తది? 'నేనేం తప్పు చేసిన్నే అమ్మా?' అని అడుగుతది. ఆ పిల్లకు చెప్పాల్సిన జవాబు ఒకటే: 'నీ తప్పు లేదు బిడ్డా, వాళ్లది నేరం.' అవును, నేరమే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సాంఘిక, ఆర్థిక బహిష్కరణను నేరంగా చేర్చింది. 2016 జనవరి 26 నుంచి అది అమలులో ఉన్నది. కొన్ని గాయాలకు మొదటి మందు పోలీస్ స్టేషన్‌లో ఎఫ్.ఐ.ఆర్.

నిబ్బరం గురించి రెండు మాటలు. 'ఓర్చుకో బిడ్డా' అని మన తాతల కాలం నుంచి చెప్పినారు. ఓర్చుకునుడు వేరు, నిబ్బరం వేరు. ఓర్చుకునేటోడు తల వంచుతడు. నిబ్బరం ఉన్నోడు కాళ్లు నిలదొక్కుకొని, పక్కోని చెయ్యి పట్టుకొని నిలబడుతడు. మన జిల్లా బిడ్డ మాలావత్ పూర్ణను చూడండి. సిరికొండ మండలం పాకాల ఊరి గిరిజన పిల్ల. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. 2014 మే 25న, పద్నాలుగు నిండకముందే, ఖమ్మం జిల్లా దళిత బిడ్డ సాధనపల్లి ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. ఆ ఇద్దరి గుండె ధైర్యం గొప్పదే. కాని వాళ్ల వెనుక ఏమున్నది? కడుపు నిండ తిండి పెట్టిన గురుకులం ఉన్నది, భువనగిరి గుట్ట మీద నేర్పిన గురువులు ఉన్నరు, నడుముకు కట్టిన తాడు ఉన్నది. తాడు లేకుండా ఎవరినీ కొండ ఎక్కించరు. మన పిల్లలను మాత్రం ఏ తాడూ లేకుండా కాలేజీకి తోలి, జారితే వాళ్లనే తిడుతున్నరు. ప్రతి పిల్లా ఎవరెస్టు ఎక్కనక్కరలేదు. ప్రతి పిల్లకూ తాడు ఉండాలె.

ఆ తాడు వాడనే. వాడలో ఏం చేద్దాం?

ఒకటి. పిల్ల రెండు వారాలకు పైగా తిండి సరిగ తినకుంటే, నిద్రపోకుంటే, దోస్తులను విడిచి మూల పట్టుకుంటే, 'నేను ఉండి ఏం లాభం' అని అంటే దాన్ని నఖరాలని కొట్టివేయకండి. పక్కన కూర్చొని సూటిగా అడగండి. చావు ఆలోచన వస్తున్నదా అని అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్న బరువు దిగుతది. అట్లాంటి పిల్లను ఒంటరిగా విడిచిపెట్టకండి. పురుగుల మందు డబ్బాలను ఇంట్లో చేతికి అందకుండా తాళం వేసి పెట్టండి.

రెండు. గాలి సోకిందని, ఎవరో బాణామతి చేసిండ్రని భూతవైద్యుల వెంట తిరుగకండి. ఆ నెపంతోనే మన ముసలోళ్లను చంపిన ఊర్లు ఉన్నయి. రంది ముదిరితే అది రోగమే, దానికి డాక్టరున్నడు. 14416కు ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా, రాత్రి పగలు ఎప్పుడైనా, తెలుగులో మాట్లాడుతరు. 'టెలి మానస్' అనే ఈ సర్కారు ఏర్పాటు 2022 అక్టోబర్‌లో మొదలైంది. ఈ నంబర్ కమ్యూనిటీ హాల్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి.

మూడు. ప్రాణం తీసుకోబోయి బతికిన మనిషిని దాచిపెట్టకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి, శిక్షించకుండా చూడాలని చెబుతున్నది. సర్కారు దవాఖానాలో మానసిక వైద్యం పొందడం ఆ చట్టం ఇచ్చిన హక్కు. కేసు భయంతో వైద్యం ఆపకండి.

నాలుగు. ఫలితాలు వచ్చే రోజు వాడ యువజన సంఘం పనులు పక్కన పెట్టాలె. ఇల్లిల్లూ తిరగాలె. తప్పినోళ్ల ఇంటికి ముందు పోవాలె. రీవెరిఫికేషన్, సప్లిమెంటరీ ఫీజు కట్టే తేదీ అక్కడనే చెప్పాలె, పైసలు లేకుంటే చందా వేయాలె. పెండ్లికి, చావుకు చందా వేసే మనం ఒక బతుకుకు వేయలేమా?

అయిదు. పది తప్పిందని ఆడపిల్లకు పెండ్లి చేసి పంపకండి. ఆమె రంది అక్కడ రెట్టింపు అయితది. ఏ ఊర్లో బాల్య వివాహం జరుగుతున్నా 1098కు చెప్పండి.

2001లో ఇదే మండలం ఇల్లిల్లూ తిరిగి బడికి రాని పిల్లల లెక్క తీసింది. ఇప్పుడు మళ్లీ ఇల్లిల్లూ తిరిగే పని ఉన్నది. నవ్వు మరిచిన పిల్లలెందరో, నిద్ర కరువైన తల్లులెందరో అడుగుదాం. ఈ పనికి కలెక్టరు కోసం చూడనక్కరలేదు, రేపు పొద్దున మన వాడ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టవచ్చు. యువజన సంఘం తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ సభ విడిచి పోకముందే ఎవరు ఏ వీధికి పోతరో పేర్లు రాసి ఇవ్వండి.

జై భీమ్!