పాత టీ షర్టు - పసివాడి చొక్కా
(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను ఎవరి దయాభిక్షా కాదని తీర్పు ఇచ్చింది. ఆ రోజును గుర్తుచేసుకుంటూ ఏటా ఇలా కలుసుకుంటున్నాము. హక్కుల గురించి, బకాయిల గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు. కార్యదర్శి గారు నన్ను మాత్రం "మీ కుట్టుపని గురించి చెప్పండి" అన్నారు. కర్నూలు, కడప జిల్లాల్లో ముప్పయి ఏళ్లు బిల్లులు చూసినవాడు కుట్టుమిషను ముందు కూర్చోవడమేమిటని నవ్వుకోకండి.

మా ఆవిడకు కంటి ఆపరేషను అయిన ఏడాది, సూదిలో దారం ఎక్కించి ఇవ్వడంతో నా కొత్త ఉద్యోగం మొదలైంది. ఆ మే నెలలో బెంగళూరు నుంచి రెండేళ్ల మనవడు వచ్చాడు. కడప ఎండ మీకు తెలియనిది కాదు. నైలాను చొక్కాలకు వాడి మెడంతా చెమటకాయలు లేచి రాత్రంతా ఏడుపు. మా ఆవిడ "మీ పాత నూలు టీ షర్టు ఒకటి తీయండి. నేను చెబుతాను, మీరు కుట్టండి" అంది.

మొదటి చొక్కా వాడి తల పట్టలేదు. చెవుల దగ్గర ఇరుక్కుని కేకలు పెట్టాడు. లాగేసరికి మెడ కుట్టు కాస్తా పటుక్కున తెగింది. కోడలు వచ్చి బిడ్డను విడిపించి, "పాత బట్టలు వాడికెందుకు మామయ్యా, కొత్తవి కొనలేమా?" అంది. మనసు చివుక్కుమంది.

ఆలోచిస్తే ఆమె మాటలో తప్పు లేదు. 1952 కరువులో మన సీమలో గంజి కేంద్రాలు పెట్టిన సంగతి మా అవ్వ చెప్పేది. ఆ తరానికి పాత బట్ట అంటే లేమి. అన్న చొక్కా తమ్ముడికి దిగేది, చిరిగిన చీర బొంతలోకి పోయేది. అయితే కలిగిన ఇళ్లలో కూడా పుట్టిన బిడ్డకు మొదట చుట్టేది మెత్తబడిన పాత బట్టే కదా! అది లేమి కాదు, పసి ఒంటి మీది శ్రద్ధ. పాతది కావడం తప్పు కాదు, పాతదిలా కనబడడమే తప్పు. ఈ పట్టుదలతో మళ్లీ కూర్చున్నాను.

ఇక పని సంగతి. 1938లో మాచాని సోమప్ప గారు స్థాపించిన ఎమ్మిగనూరు చేనేత సంఘం దుప్పట్లు మనకు తెలుసు. వాటిలో పడుగు, పేక అడ్డంగా నిలువుగా కలిసి ఉంటాయి. టీ షర్టు బట్ట అలా కాదు. దారం ఉచ్చులు ఉచ్చులుగా అల్లుకుని ఉంటుంది, అందుకే సాగుతుంది. ఎక్కువ సాగే వైపు బిడ్డ ఛాతీకి అడ్డంగా రావాలి.

ముందు బట్టను ఉతికి ఆరవేయండి. చంకల దగ్గర పసుపెక్కిన భాగం వదిలేయండి. బిడ్డకు సరిపోయే చొక్కా ఒకటి దానిపై పరిచి, అరంగుళం కుట్టుకు వదిలి కత్తిరించండి. కింది అంచులు కలిపి పెడితే పాత మడతే పనికి వస్తుంది. చేతులకూ అంతే.

మెడ దగ్గరే అసలు కిటుకు. మెడ కాదు, తల కొలవాలి. రెండేళ్ల బిడ్డ తల చుట్టుకొలత సుమారు 19 అంగుళాలు. మెడ పట్టీ, కత్తిరించిన గుండ్రం కంటే రెండంగుళాలు తక్కువ ఉంటే మెడకు అంటుకుని నిలుస్తుంది. కుట్టకముందే పట్టీని లాగి టేపుపై చూడండి. తల కొలత అందకపోతే ఒక భుజం తెరిచి, రెండు టిచ్ బటన్లు ఊడకుండా గట్టిగా కుట్టండి. మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది, పాలియెస్టర్ దారం వాడండి. జిగ్‌జాగ్ కుట్టు ఉంటే మంచిది. మనలాగా కాళ్లతో తొక్కే మిషనైతే, చిన్న కుట్టు పెట్టి, బట్టను ముందూ వెనకా కొద్దిగా లాగి పట్టుకుంటూ కుట్టండి. అప్పుడు సాగినా తెగదు.

ఒక్క నూలు టీ షర్టు తయారీకి సుమారు 2,700 లీటర్ల నీరు కావాలని ప్రపంచ వన్యప్రాణి నిధి లెక్క. పదిహేను లీటర్ల బిందెతో 180 బిందెలు! బిందెల వరుసలో నిలబడిన మనకు ఆ లెక్క వేరే చెప్పనక్కరలేదు. పాత బట్టలు ఇచ్చి స్టీలు గిన్నె తీసుకునే ముందు ఒక్కసారి ఆలోచించండి.

రెండో చొక్కాను కోడలు తిప్పి తిప్పి చూసింది, ఏమీ అనలేదు. బెంగళూరు బయలుదేరిన రోజు అది పెట్టెలో లేదు, బిడ్డ ఒంటి మీద ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు మా అబ్బాయి పాత టీ షర్టులు నాలుగు తెచ్చి, "మామయ్యా, ఈసారి కొంచెం పెద్దవి కుట్టండి" అంది.

విశ్రాంతి చొక్కాకూ లేదు, నాకూ లేదు.