సంసారికి ఎంత ధనము చాలును?



ప్రసంగము ముగిసిన పిమ్మట భక్తులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "స్వామీ! ధనము బంధమును కలిగించునని చెప్పుచున్నారు. మరి సంసారి ధర్మముగా, గౌరవముగా బ్రతుకుటకు ఎంత ఉండవలెను?" అని. ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. ధనము వలదని పలుకుట సులభము. కర్నూలు, కడప సీమలలో మెట్టచేను దున్నుకొనువాని యెదుట ఆ మాట పలుకుట న్యాయము కాదు.

ఈ సీమకు ఆకలి పురాణములలో విన్న విషయము కాదు. 1876 మొదలు 1878 వరకు ఈ ప్రాంతమును పీడించిన మహాక్షామమును మన పెద్దలు ధాత కరవు అనిరి. వాన నమ్మరాని ఈ నేలలో పండిన ఏట జొన్నలను పాతరలో పోసి మూసెడివారు. అది లోభము కాదు. మరుసటి ఏటి తిండిని, విత్తనమును కాపాడుకొనుట గృహస్థధర్మము. నీరు పడునను ఆశతో బోరు మీద బోరు వేయించి అప్పులపాలైన రైతును కూడ దురాశాపరుడని మేము అనజాలము.

కావున మా లెక్క చెప్పెదము. ఇంటిల్లిపాదికి రెండు పూటల సంకటి, కట్టుబట్ట, తలదాచుకొన నీడ, బిడ్డల చదువు, రోగము వచ్చిన వైద్యము, ఒక పంట పోయినను వడ్డీకిచ్చువాని గడప త్రొక్కకుండునంత నిల్వ, ఆకలితో వచ్చినవానికి ఒక ముద్ద. ఇంత లేనివానికి తృప్తిని బోధించుట పాపమనియే మా అభిప్రాయము. వానికి కావలసినది బోధ కాదు, సాయము.

ఇక దీనికి మించినదాని మాట. భాగవతము అష్టమస్కంధమున వామనుడు బలిచక్రవర్తిని మూడడుగుల నేల యాచించెను. అంత స్వల్పమేల, ఇంకను కోరుకొమ్మని బలి పలుకగా, మూడడుగులతో తృప్తి పడనివాడు ఎంత లభించినను తృప్తి పడడని ఆ వటువు బదులిచ్చెను. తరువాత ఆ పాదములే లోకములను ఆక్రమించిన కథ మీరెరిగినదే. స్వామితో పోల్చుట అపచారమైనను చెప్పక తప్పదు: మన కోరికయు పొట్టివటువు వలెనే గుమ్మములోనికి వచ్చును. పొరుగువానికంటె పెద్ద పందిరి వేసి పెండ్లి చేయవలెనని చేను తాకట్టు పెట్టిన ఇండ్లను చూడుడు. పందిరి మూడునాళ్ళకు తీసివేయుదురు; తాకట్టు ఏండ్ల తరబడి విడిపడదు.

సప్తమస్కంధమున నారదుడు ధర్మరాజునకు గృహస్థధర్మమును చెప్పుచు, కడుపు నింపుకొనునంతవరకే మనిషికి స్వత్వము కలదనియు, అంతకు మించి నాదన్నవాడు దొంగయనియు శాసించెను. మిక్కిలి కఠినమైన మాట. మరి పాతర నిండుగా ఉన్నవాడు ఏమి చేయవలెను? ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి ఏమి చేసెనో సీమ మరువలేదు. 1866 కరవులో ఆయన తన సంపదను వెచ్చించి వేలమంది ఆకలి తీర్చెను. విక్టోరియా రాణి ప్రభుత్వము బంగారు పతకముతో ఆయనను గౌరవించినది. పతకము సంగతి అటుండనిండు. జనము ఆయనపై పాటలు కట్టుకొనిరి.

ఒంటిమిట్టలో ఇంకొక మహనీయుని చరిత్ర కలదు. (పోతన మావాడని ఒంటిమిట్టవారు, కాదు మావాడని ఓరుగల్లువారు వాదించుకొందురు, ఆ తగవు నేడు మనకు వలదు.) జమ్మలమడుగున జన్మించిన వావిలికొలను సుబ్బారావుగారు, 1863–1936, మొదట రెవెన్యూ శాఖలో ఉద్యోగి; పిదప చెన్నపట్టణము ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులు. వాల్మీకి రామాయణమును తెనిగించి ఆంధ్రవాల్మీకి యనిపించుకొనిరి. అంతటివారు కొలువు విడిచి, కోదండరామాలయ జీర్ణోద్ధరణకై టెంకాయచిప్ప చేతబట్టి ఊరూర భిక్షమెత్తిరి. ఆ చిప్ప పేరనే ఒక శతకమును కూడ వ్రాసిరి. అందులో పడిన ధనము రామునిదైనది. జీతము తీసికొన్న చేయియే ఆ చిప్పను పట్టినదని గమనింపుడు.

అయితే గృహస్థులందరును చిప్ప పట్టవలెనని మేము చెప్పుట లేదు. అందరును పట్టినచో అందులో వేయువారెవరు? 

వడ్డన సిద్ధమైనదని కబురు వచ్చినది. ఇంతటితో విరమింతుము. అందరును పంక్తికి దయచేయుడు.