చెదరిన బుద్ధికి సాధన
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నలోపాఖ్యానమును వినని తెలుగువారు అరుదు. కలి ఆవహించిన నలుడు జూదమున రాజ్యమును పోగొట్టుకొని, నిద్రించుచున్న దమయంతిని అడవిలో విడిచి, తుదకు బాహుకుడను పేర ఋతుపర్ణుని అశ్వశాలలో కొలువు చేసెను. విదర్భకు రథము తోలుచుండగా దారిలో ఋతుపర్ణుడు ఒక తాండ్రచెట్టును చూపి, దాని ఆకులు ఇన్ని, కాయలు ఇన్ని యని చెప్పెను. నలుడు నమ్మలేదు. రథమాపి, దిగి, లెక్కించి చూచెను. లెక్క సరిపోయెను. ఆ విద్యను గ్రహించిన పిమ్మటనే కలి అతనిని విడిచిపోయెను. కథ కథయే గాని వైద్యశాస్త్రము కాదు. అయినను, చెదరిన మతిని లెక్కతోను ఏకాగ్రతతోను మరల నిలువబెట్టు ప్రయత్నము నేటి వైద్యులును చేయుచున్నారు. నేటి ప్రసంగము దానిని గూర్చియే.

వైద్యులు సైకోసిస్ అను చిత్తభ్రమ తఱచుగా యౌవనారంభమున పొడసూపును. కళాశాలలో చదువుకొనుచున్నవాడో, పాలమూరు కూలీలతో ముంబయికి పనికి పోయివచ్చినవాడో, ఒకనాటినుండి ఎవరును లేని చోట మాటలు వినుచుండును. ఇరుగుపొరుగువారు తన్ను చంపజూచుచున్నారని రాత్రులు నిద్రపోడు. గాలి సోకినదని ఇంటివారు తాయెత్తు కట్టింతురు. గుడికి, దర్గాకు త్రిప్పుదురు. మ్రొక్కుకొనుటలో తప్పేమియు లేదు. ఆ త్రిప్పుటలో నెలలు గడచిపోవుటయే నష్టము. చికిత్స ఎంత ఆలస్యమైన, కోలుకొనుట అంత కఠినమగునని వైద్యులందరును చెప్పుమాట.

1896లో జర్మను వైద్యుడు క్రేపెలిన్ దీనిని యౌవనముననే బుద్ధి క్షయించు వ్యాధిగా ఎంచెను. 1952లో పారిస్ నగరపు వైద్యులు క్లోర్‌ప్రోమజిన్ అను మందు గుణమును లోకమునకు చాటిన పిదప రోగులు ఇంటికి మరలి వచ్చుట పెరిగెను. ఆ మఱుసటి ఏటనే, నిజాము కాలమున జాల్నాలో నుండిన మానసిక చికిత్సాలయము హైదరాబాదు ఎఱ్ఱగడ్డకు తరలివచ్చెను. ఎఱ్ఱగడ్డ యను పేరే తిట్టుగా వాడు అలవాటు మన పల్లెలలో నేటికిని పోలేదు. సిగ్గుపడవలసినది రోగి కాదు.

అసలు విషయము ఇక్కడనే యున్నది. మందులు ఆ మాటలను అణచును, భయమును తగ్గించును. కుఱ్ఱవాడు ఇంటికి వచ్చును. తల్లి ఉప్పు, చింతపండు, సబ్బు, అగ్గిపెట్టె తెమ్మని అంగడికి పంపగా, రెండు తెచ్చి రెండు మఱచును. పత్రిక పట్టుకొని కూర్చుండును గాని, పేరా తుదకు వచ్చునప్పటికి మొదలు గుర్తుండదు. బావివద్ద మోటారు వేసి ఏ మడికి ముందు నీరు పెట్టవలెనో తోచక నిలుచుండిపోవును. తండ్రి చూచి, “రోగము కుదిరినది, తిని కూర్చుండుట మరగినాడు” అనును. అది సోమరితనము కాదు. దృష్టి నిలుపుట, జ్ఞాపకముంచుకొనుట, పనులకు వరుస కుదుర్చుకొనుట అను శక్తులు ఈ వ్యాధిలో దెబ్బతినును. మందులు వానిని అంతగా బాగుచేయజాలవు. ఉద్యోగము, చదువు, సంసారము నిలుచుట మాత్రము పెక్కు భాగము వానిమీదనే ఆధారపడియుండును. నిజముగా సోమరియైన వానికి ఆ తిట్టు తగులదు. ఈ పిల్లవానికి తగులును.

ఈ శక్తులకు సాధన చేయించు చికిత్సనే బుద్ధిశిక్షణ యందురు. బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థవారు దీనిని ఇంటివద్దనే చేయించి చూచి, 2012లో ఫలితములను ప్రకటించిరి. వ్యాధి తొలిసారి వచ్చిన 45 మందిని రెండు జట్లు చేసిరి. అందరికిని మామూలు మందులు, వ్యాధిని గూర్చిన బోధ జరిగినవి. ఒక జట్టుచేత మాత్రము, ఇంటివారి తోడ్పాటుతో, రెండు నెలలు అభ్యాసములు చేయించిరి. రెండు పనులమీద ఒకేసారి దృష్టి నిలుపుట, ఆలోచనను ఒక దారినుండి మఱొకదారికి మరల్చుట, పనికి ముందు యోచించుట అనువానిలో వారు మెఱుగుపడిరి. అయితే తుదివరకు పరీక్షలకు నిలిచినవారు సుమారు సగము మందియే. ఇల్లు విడువక పట్టుకొననిదే ఈ సాధన సాగదనుటకు అదియే తార్కాణము.

నిమ్హాన్స్ బుద్ధిశిక్షణలో వాడు అభ్యాసములలో ఒకటి కలిపిన గింజలను ఏరుట. మన ఆడువారికి చాటలో నిత్యము జరుగు పనియే! కందులు, పెసలు కలిపి ఏర్పించి, పట్టిన సమయమును, దొరలిన తప్పులను పుస్తకములో వ్రాయవలెను. తప్పులు తగ్గిన పిదప మూడవ గింజను చేర్చవలెను. మొదటనే కష్టమైనది ఇచ్చిన పిల్లవాడు చాట త్రోసివేయును. ఏది ముందు ఏరుచున్నావు, ఏల యని నెమ్మదిగా అడుగుచుండవలెను. ఉపాయమును నోట చెప్పుకొనుట మేలు. పిదప అంగడి చీటీ, ఆ తరువాత చిల్లర లెక్క, ఆ మీదట పొలము పని.

2021లో వీటా అను ఇటలీ వైద్యుడును సహచరులును 130 పరిశోధనలను, 8,851 మంది వివరములను కూడదీసి చూచిరి. మేలు స్వల్పము మొదలు మధ్యస్థము వరకు నున్నదని తేలెను. ప్రక్కన నేర్పువాడు ఉన్నప్పుడు, దానితోపాటు సమాజములో మరల నిలద్రొక్కుకొనుటకు తగిన పునరావాస శిక్షణ జరిగినప్పుడు ఆ మేలు హెచ్చెను. చదువు తక్కువగా నున్నవారికి ఎక్కువ ఉపకరించెనని కూడ కనుగొనిరి. ఇది చదువుకొన్నవారి వైద్యము, మనకెందుకు అనుకొనువారు ఈ మాటను చెవినిడవలెను.

సాధన మందునకు బదులు కాదు. పిల్లవాడు గింజలు చక్కగా ఏరుచున్నాడని మాత్రలు మాన్పించిన యెడల ఆ మాటలు మరల వినవచ్చును. వైద్యునితో చెప్పియే ఏదైనను చేయవలెను. గొలుసుతో కట్టివేయుటను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది.

ఇంటిలో ఇట్టివారున్న వారు 14416 అను అంకెకు ఫోను చేయవచ్చును. కేంద్ర ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలిమానస్ అను ఈ ఏర్పాటులో తెలుగున మాటలాడుదురు, రుసుము లేదు. ఈ గ్రంథాలయమున సాయంకాలము పత్రిక బిగ్గరగా చదువుట పరిపాటి. అట్టి కుఱ్ఱవాడు వచ్చి వెనుక బల్లమీద కూర్చుండినప్పుడు ఒక వార్త చదివి, ఏమి వింటివని మెల్లగా అడుగుడు. సగమే చెప్పినచో మిగిలిన సగమును మరల చదివి వినిపింపుడు.